కర్రీ పాయింట్ వెనక ఛాంబర్ మాటిమాటికీ జామ్, గ్రీజు ట్రాప్ పెడితే ఆగుతుందా?

షట్టర్ నంబర్ 3:

అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం, నేనూ మా బావగారూ. పైన మూడంతస్తుల్లో కాపురాలు, కింద షట్టర్లు, మాది చివరిది. మధ్యాహ్నం, రాత్రి కూరలు, పప్పు, సాంబారు, వేపుళ్ళు, సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు. అన్నం కూడా కట్టి ఇస్తాం. ఇబ్బంది ఏంటంటే వెనక సందులో డ్రైనేజీ ఛాంబర్ ఊరికే జామ్ అయిపోతోంది. మూత తీస్తే పైన తెల్లగా గడ్డకట్టిన జిడ్డు, దాంట్లో మెతుకులు, కరివేపాకు, టమాటా తొక్కలు. మొన్న నీళ్ళు వెనక్కి తన్ని వాచ్‌మన్ గది బాత్రూములోంచి పొంగాయి, ఇంక పైవాళ్ళు ఊరుకుంటారా. ఓనరు గారైతే బాగు చేయించుకోండి లేదంటే ఖాళీ చేయండి అనేశారు.

జామ్ అయినప్పుడల్లా ఒకతను వస్తాడు, వెదురు బద్ద వేసి కదిలిస్తాడు, ఏదో యాసిడో కాస్టిక్కో పోస్తాడు, డబ్బులు తీసుకుని వెళ్తాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే కథ. వాటర్ బోర్డు వాళ్ళు కూడా వచ్చి హోటళ్ళు, మెస్సులు సిల్ట్ ఛాంబర్, అంటే ఇసుకా మెతుకులూ ఆపే గుంత, కట్టుకోవాలి, లేకపోతే నోటీసు ఇస్తాం అని చెప్పి వెళ్ళారు. ఆన్‌లైన్‌లో చూస్తే సింకు కింద పెట్టే స్టీలు గ్రీజు ట్రాప్‌లు, అంటే జిడ్డుని పట్టి ఆపే డబ్బాలు, ఉన్నాయి, చిన్నవీ పెద్దవీ, ధరకీ ధరకీ పొంతన లేదు. మాకు ఎంత సైజు కావాలి, అది పెడితే నిజంగా జామ్ ఆగుతుందా, అందులోంచి తీసిన జిడ్డు ఎక్కడ పడేయాలి?

ఇంకో మాట. బజ్జీల బాండీలో మిగిలిన నూనెని ఒకతను బండి మీద వచ్చి టిన్ను లెక్కన కొనుక్కుపోతాడు. ఎక్కడికి తీసుకెళ్తావయ్యా అంటే సబ్బుల కంపెనీకి అంటాడు. ఇవ్వొచ్చా ఇలా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పైపుల మేస్త్రి:

తమ్ముడూ, హైదరాబాదులో హోటళ్ళకి ప్లంబింగ్ కాంట్రాక్టులు చేస్తుంటాను కాబట్టి చెప్తున్నా. ముందు ఆ యాసిడ్ వాణ్ణి మానెయ్. అది పోసినప్పుడు జిడ్డు కొంచెం కదిలి ముందుకి పోతుంది, అంతే, పోయి పోయి నీ ఛాంబర్ దాటాక రోడ్డు మీద మ్యాన్‌హోల్ దగ్గర మళ్ళీ గడ్డ కడుతుంది. పైగా యాసిడ్ సిమెంటుని తినేస్తుంది. ఇంటి డ్రైనేజీ పైపు సిమెంటుదైతే ఇంకా ఘోరం.

సైజు గురించి అడిగావు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనకు, ముందు సింకు కొలుచుకో. హోటల్ సింకు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 30 లోతు అనుకుందాం. అంటే 81 లీటర్లు. నిండా గిన్నెలుంటాయి కాబట్టి ముప్పావు వంతు నీళ్ళు లెక్కేస్తే సుమారు 60 లీటర్లు. అది రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది అనుకుంటే నిమిషానికి 30 లీటర్లు. రెండు సింకులు ఒకేసారి వదిలితే నిమిషానికి 60. ఇప్పుడు నువ్వు 50 లీటర్ల స్టీలు డబ్బా పెట్టావనుకో, నీళ్ళు అందులో ఒక్క నిమిషం కూడా నిలవవు. నిలవకపోతే నూనె పైకి తేలే టైమెక్కడిది? వచ్చింది వచ్చినట్టే అవతలికి పోతుంది. ఆ చిన్న డబ్బాలు టీ కొట్టుకీ, జ్యూస్ షాపుకీ సరిపోతాయేమోగానీ సాంబారు గుండిగలు తోమేచోట పనికిరావు.

నీకు వెనక సందులో చోటుంటే ఇటుకతో కట్టించుకోవడమే మంచిది. లోపల నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నీళ్ళు నిలిచే లోతు రెండడుగులు ఉంటే 450 లీటర్ల దాకా పడుతుంది. నువ్వు వదిలే నీళ్ళు అందులో ఏడెనిమిది నిమిషాలు నిలుస్తాయి. మధ్యలో అడ్డగోడ ఒకటి, కింద సందు వదిలి. ఇక అసలు కీలకం అవుట్‌లెట్ దగ్గర ఉంది, చాలామంది మేస్త్రీలు అక్కడే పాడుచేస్తారు. బయటికి పోయే పైపుకి లోపలివైపు టీ, అంటే T ఆకారపు పైపు ముక్క, బిగించి, దాని కాలు నీళ్ళలోకి కిందికి దింపాలి, గుంత అడుక్కి పన్నెండు అంగుళాల పైన ఆగేలా. అప్పుడు పైన తేలే జిడ్డూ పోదు, కింద పేరుకున్న మడ్డీ పోదు, మధ్యలో ఉన్న నీళ్ళే పోతాయి. వాటర్ బోర్డు అడిగే సిల్ట్ ఛాంబర్ చాలామంది కడతారుగానీ, పైపు నేరుగా పైన పెట్టేసి వదిలేస్తారు. అది ఇసుకనీ మెతుకుల్నీ ఆపుతుంది తప్ప జిడ్డుని ఆపదు. రెండూ ఒకే గుంతలో అయిపోవాలంటే ఈ టీ తప్పనిసరి.

ఇంకోటి. వంటింటి లైను ఒక్కటే దీంట్లోకి రావాలి. బాత్రూము లైను ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. పాత బిల్డింగుల్లో రెండూ ఒకే ఛాంబర్‌లో పడుతుంటాయి, నీది కూడా అలాగే ఉంది కాబట్టే వాచ్‌మన్ గదిలో పొంగింది. ముందు అది విడదీయించు, ఆ ఖర్చు ఓనరుతో మాట్లాడు, బిల్డింగుకి సంబంధించిన పని అది.

బెజవాడ మెస్ అక్క:

మేస్త్రి గారు గుంత గురించి బాగా చెప్పారు. నేను గుంతకి ముందు సంగతి చెప్తానండి. విజయవాడలో మాది మెస్, అంతకుముందు ఒక పెద్ద హోటల్లో కిచెన్ స్టోరు చూసుకునేదాన్ని. నేను చూసినంతలో గ్రీజు ట్రాప్ ఉండి కూడా జామ్ అయ్యే వంటిళ్ళు బోలెడు, ఎందుకంటే అక్కడ అంట్లు తోమేవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పరు. కూర గిన్నె తెస్తారు, అడుగున ఉన్న నూనె, మసాలా ముద్ద అంతా పంపు కింద పెట్టి కొట్టేస్తారు. గోంగూర మాంసం వండిన బాండీకి అడుగున ఎంత నూనె ఉంటుందో మీకు తెలుసు కదా. అది నేరుగా సింకులోకే.

మా దగ్గర సింకు పక్కనే ఒక మూత బక్కెట్టు, ఒక రబ్బరు పట్టీ ఉంటాయి. ఏ గిన్నె అయినా ముందు రబ్బరు పట్టీతో గీకి బక్కెట్టులో వేసి, బాగా జిడ్డుగా ఉంటే పాత పేపరుతో తుడిచి, అప్పుడు నీళ్ళలో పెట్టాలి. పేపరు కూడా ఆ బక్కెట్టులోకే. సింకు కన్నానికి జాలీ బుట్ట ఉంటుంది, దాన్ని తీసేసి పక్కన పెట్టడం అంట్లు తోమేవాళ్ళకి అలవాటు, నీళ్ళు త్వరగా పోతాయని. అందుకే కింది జాలీని స్క్రూతో బిగించేశాం, పై బుట్ట మాత్రం బయటికి వస్తుంది. ఇవన్నీ చిన్న పనుల్లా కనిపిస్తాయి, కానీ సబ్బు ఖర్చు కూడా తగ్గింది మాకు.

ఇక గంజి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీరు అన్నం కూడా కట్టి ఇస్తామన్నారు కదా, వార్చే అన్నమా, ఆవిరి అన్నమా? వార్చేదైతే ఆ గంజి ఎక్కడ పోస్తున్నారో చూసుకోండి. మరిగే గంజి సింకులో పోస్తే ట్రాప్‌లో గడ్డకట్టిన జిడ్డంతా కరిగి ఒక్కసారిగా బయటికి కొట్టుకుపోతుంది, కాస్త దూరం పోయి చల్లబడి పైపు గోడకి అతుక్కుంటుంది. పైగా ఆ పిండిపదార్థం అతికించే జిగురు లాంటిది. బిర్యానీ చేసే చోట ఇంకా ఎక్కువ, బియ్యం ఉడికించిన నీళ్ళలో నూనె కూడా ఉంటుంది. మేము గంజి చల్లార్చి డ్రమ్ములో పోస్తాం, గేదెలవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. కూకట్‌పల్లిలో గేదెలెక్కడ అంటారేమో, శివారు డెయిరీలవాళ్ళు వస్తారు, అడిగి చూడండి. అది కుదరకపోతే కనీసం చల్లబడ్డాక పోయండి.

డాల్డా వాడే వంటలుంటే ఇంకొంచెం జాగ్రత్త. అది దాదాపు మన ఒంటి వేడికి కరుగుతుంది, అంతకన్నా చల్లబడిందంటే మళ్ళీ గడ్డే. పామాయిల్ కూడా చలికాలం తొందరగానే పేరుకుంటుంది. మీకు డిసెంబరు, జనవరిలో జామ్‌లు ఎక్కువవుతున్నాయేమో గమనించారా?

షట్టర్ నంబర్ 3:

అక్కా, కరెక్టుగా చెప్పారు, చలికాలంలోనే ఎక్కువ. మేము అది వర్షాకాలం మట్టి చేరడం వల్లేమో అనుకున్నాం. అన్నం వార్చేదే, గంజి సింకులోకే పోతోంది. ఈరోజే డ్రమ్ము తెస్తా. మేస్త్రి అన్నా, సందులో చోటు ఉంది, నాలుగు బై రెండు పడుతుంది. కానీ ఎన్నాళ్ళకోసారి తీయాలి దాన్ని? ఎవరు తీస్తారు?

పౌడర్ బాబు:

ఇంత తవ్వకాలు ఎందుకు బ్రో. బ్యాక్టీరియా పౌడర్ దొరుకుతుంది, రాత్రి పడుకునే ముందు సింకులో ఒక స్పూను వేసి పోతే జిడ్డంతా తినేస్తుంది. మా ఫ్రెండు క్లౌడ్ కిచెన్‌లో అదే వాడతాడు, ట్రాప్ క్లీనింగే లేదు.

మురుగు ఇంజినీరు:

పైన పౌడర్ మాట చెప్పిన తమ్ముడికి: పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజం కూడా కాదు. నేను ఎస్టీపీల్లో, అంటే మురుగునీళ్ళు శుద్ధి చేసే కేంద్రాల్లో, పనిచేశాను. కొవ్వుని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉన్నమాట నిజమే, కానీ దానికి టైము కావాలి, నీళ్ళు మరీ వేడిగా ఉండకూడదు, బ్లీచింగ్ పౌడర్ గానీ కాస్టిక్ గానీ యాసిడ్ గానీ పడితే చచ్చిపోతుంది. హోటల్ సింకులో రోజంతా ఇవే పోస్తారు కదా. ఇంకో మోసం ఏంటంటే, ఎంజైమ్ అని అమ్మే ద్రావకాల్లో కొన్ని ఉత్త సబ్బు నీళ్ళే. జిడ్డు సన్నటి బిందువులుగా విడిపోయి నీళ్ళతో కలిసి కనిపించకుండా పోతుంది, ట్రాప్ శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది, కింద లైనులో మళ్ళీ కలుసుకుని గట్టిపడుతుంది. మీ ఫ్రెండు ట్రాప్ క్లీన్ చేయట్లేదంటే ఆ జిడ్డు వీధి లైనులోకి పోతోందేమో, వీధిలో వాళ్ళని అడగాలి. జిడ్డు తీసే పనికి తోడుగా పౌడర్ వాడుకోండి, దాని బదులుగా కాదు.

కాస్టిక్ గురించి కూడా చెప్పాలి. కాస్టిక్ సోడా కొవ్వుతో కలిస్తే సబ్బు అవుతుంది, ఇది హైస్కూలు కెమిస్ట్రీ. మన దగ్గర బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ. ఆ సబ్బు కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని సున్నపు సబ్బుగా మారుతుంది. పైపు లోపల గీకినా రాని బూడిదరంగు గట్టి పెచ్చు కనిపిస్తుందే, చాలావరకు అదే. మురుగు లైన్లలో పేరుకునే గడ్డల్ని పరీక్షించినవాళ్ళు కూడా వాటిలో ఎక్కువ భాగం ఈ కాల్షియం సబ్బులే అని తేల్చారు. అంటే కాస్టిక్ పోసిన ప్రతిసారీ మీరు మెత్తటి జిడ్డుని తీసుకెళ్ళి గట్టి పెచ్చు చేస్తున్నారు.

ఎన్నాళ్ళకోసారి అంటే, తేదీ పెట్టుకోవద్దు, లోతు చూసుకోండి. ఒక కర్ర దించితే పైన తేలే జిడ్డు మందం, అడుగున మడ్డి మందం తెలుస్తాయి. రెండూ కలిపి నీళ్ళ లోతులో పావు వంతు అయితే తీసేయాలి. మేస్త్రి గారి లెక్క ప్రకారం రెండడుగుల నీళ్ళు, అంటే ఆరు అంగుళాలు. అంతకన్నా పెరిగితే నీళ్ళు నిలిచే చోటు తగ్గిపోయి ట్రాప్ పేరుకే ఉంటుంది. పైన జిడ్డు మాత్రం రోజూ దుకాణం కట్టేముందు జాలీ గరిటెతో తీయించండి, అది పది నిమిషాల పని. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే తీస్తే ఇంకా తేలిక, గడ్డగా పైకి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. పెద్ద క్లీనింగ్ చేసేటప్పుడు మనిషిని గుంతలోకి దించకండి. రెండడుగుల లోతే కదా అంటారు, కానీ తల లోపల పెట్టి వంగినా అంతే ప్రమాదం. మూసి ఉన్న గుంతలో మెతుకులూ మడ్డీ కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కాబట్టి వాసన పోయింది కదా అని ధీమాగా ఉండకూడదు. ఆ మడ్డి మీద యాసిడ్ పోశారంటే అదే గ్యాసు ఇంకా గుప్పుమని లేస్తుంది. మీ యాసిడ్ అతను ఇంతవరకూ బాగానే ఉన్నాడంటే అదృష్టం. మాన్యువల్ స్కావెంజింగ్‌ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు లైనులో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి చావులకి పరిహారం 30 లక్షలు చేసింది. ట్యాంకరు పిలిచి పైపుతో లాగించుకోండి. ఛాంబర్ దాటి వీధి లైను జామ్ అయితే 155313కి ఫోను చేస్తే వాటర్ బోర్డు వాళ్ళు మిషన్ పంపుతారు. ఇరుకు సందుల కోసమని 2017 నుంచి మినీ జెట్టింగ్ మిషన్లు, అంటే నీళ్ళు గట్టిగా కొట్టి జామ్ తీసే చిన్న బండ్లు, కూడా తిప్పుతున్నారు.

పౌడర్ బాబు:

సరే సార్, ఫ్రెండుకి చెప్తా. నేను అమ్మేవాణ్ణి కాదులెండి, అందరూ అలా చూస్తున్నారు 😄

నూనె లెక్కలు:

అందరూ డ్రైనేజీ మీదే పడ్డారు, ఆ నూనె కొనే అతని సంగతి వదిలేశారు. నాకైతే అదే పెద్ద విషయం.

ఫుడ్ సేఫ్టీ వాళ్ళ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు ప్రకారం వంట నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి, అంటే నూనె పదేపదే కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదు. 2018 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది, చిన్న బండి అయినా పెద్ద హోటల్ అయినా ఒకటే. అదే ఏడాది ఆగస్టులో రూకో అని ఒక పథకం తెచ్చారు, వాడేసిన నూనెని సేకరించి బయోడీజిల్ చేసేవాళ్ళకి చేర్చడానికి. రోజుకి 50 లీటర్లకి మించి వేపుళ్ళకి నూనె వాడేవాళ్ళు ఎంత కొన్నారు, ఎంత పారేశారు, ఎవరికి ఇచ్చారు అని రిజిస్టరు పెట్టాలి, అది 2019 మార్చి నుంచి. మీ కర్రీ పాయింట్ అంత వాడకపోవచ్చు. కానీ రాసుకుంటే తప్పేం లేదు, రేపు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఈ డబ్బాలో నల్ల నూనె ఏంటి అంటే చూపించడానికి కాగితం ఉంటుంది.

ఆ బండి మీద వచ్చేవాడు సబ్బుల కంపెనీకి అంటాడు. నిజంగా సబ్బులకే పోతే బాధ లేదు. కానీ రసీదు ఇవ్వనివాడు, పేరు చెప్పనివాడు మంచి రేటు పెట్టి కొంటున్నాడంటే అది వడకట్టి, కొత్త నూనెలో కలిపి మళ్ళీ ఏ రోడ్డు పక్క బండికో పోయే అవకాశం ఉంది. మీ బాండీలోంచి వెళ్ళిన నూనెలో మీ వీధి పిల్లలే సాయంత్రం నూడుల్స్ తింటారు. అందుకని ఎఫ్ఎస్ఎస్ఏఐ జాబితాలో ఉన్న సేకరణ ఏజెన్సీల్లో మీ ఏరియాకి వచ్చేది ఎవరో చూసి వాళ్ళకే ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక్క టిన్ను కోసం వాళ్ళు రారు, నిజమే. మీ షట్టర్ల వరసలో బజ్జీల బండి, ఫాస్ట్‌ఫుడ్, స్వీట్ షాపు ఏదో ఒకటి ఉంటాయి కదా, అందరిదీ ఒకచోట పెట్టి పిలవండి.

నూనె డబ్బాలో నీళ్ళు పడనివ్వకండి. గిన్నెలు తోమిన జిడ్డు నీళ్ళు, ట్రాప్‌లో తీసిన జిడ్డు దాంట్లో అస్సలు కలపొద్దు. బయోడీజిల్ అంటే నూనెని మిథనాల్‌తో కలిపి చేసే రసాయన చర్య, పక్కన గ్లిజరిన్ వస్తుంది. నీళ్ళు ఉంటే ఆ చర్య చెడి సబ్బు అవుతుంది, అందుకే తడి నూనెకి రేటు తగ్గిస్తారు లేదా తీసుకోరు. చల్లారాక, సన్నటి జాలీలో వడకట్టి, పాత టిన్నులోనే పోసి, మూత పెట్టి, మీద వాడేసిన నూనె అని రాసి పెట్టండి. రాయకపోతే మీ కుర్రాడే తొందరలో బాండీలో పోసేస్తాడు.

అసలు నూనె తక్కువ పాడయ్యేలా చూసుకుంటే పారేసేది కూడా తగ్గుతుంది. బజ్జీలకి శనగపిండి తునకలు రాలి అడుగున మాడతాయి, అవే నూనెని నల్లగా చేస్తాయి. వాయికీ వాయికీ మధ్య జాలీతో తీసేయాలి. ఉప్పు, తడి నూనె మీద పడనివ్వకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు మంట తగ్గించాలి, గిరాకీ లేకపోయినా బాండీ మరుగుతూ ఉండటం చూస్తుంటాం కదా. నిన్నటి నల్ల నూనెలో కొత్తది కలిపితే కొత్తది కూడా త్వరగా చెడుతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ మాట ప్రకారం వీలైనంతవరకు ఒకసారే వాడాలి, తప్పకపోతే మూడుసార్లకి మించొద్దు. ఆ పోలార్ కాంపౌండ్స్ శాతం కొలిచే మీటరు ఖరీదైనది, చిన్న కొట్టుకి కొనమని చెప్పను. నురగ ఆగకుండా వస్తున్నా, నూనె చిక్కబడినా, మామూలు మంటకే పొగ లేస్తున్నా, ఘాటుగా ముక్కుకి తగులుతున్నా ఇక ఆపేయండి. దుకాణదారు లెక్కలో ఒక లీటరు నూనె బాధే, ఒప్పుకుంటాను.

టెక్సాస్ టిఫిన్స్:

ఇక్కడ టెక్సాస్‌లో ఇండియన్ రెస్టారెంట్ కిచెన్ చూసుకుంటున్నాను, గుంటూరు మాది. ఇక్కడ పద్ధతి చెప్తే మీకు ఉపయోగపడుతుందేమో. మా సిటీలో రెస్టారెంట్ తెరవాలంటే ముందే గ్రీజు ట్రాప్ సైజు ప్లానులో చూపించాలి. బయట భూమిలో పెద్ద ట్యాంకు, మాకైతే మూడు నెలలకోసారి లైసెన్సున్న ట్రక్కు వచ్చి మొత్తం లాగేస్తుంది, పైన జిడ్డు ఒక్కటే కాదు, నీళ్ళూ మడ్డీ అన్నీ. ఒక్కసారికి కొన్ని వందల డాలర్లు. ఎంత లాగారు, ఎక్కడికి తీసుకెళ్ళారు అనేది స్లిప్పు మీద ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ వచ్చి మొదట అడిగేది అదే. మన వంట ఇక్కడివాళ్ళ ట్రాప్ లెక్కలకి సరిపోదు అని నా గొడవ. బర్గర్ షాపుకి మడ్డి పెద్దగా ఉండదు. మాకు దోసె పిండి గిన్నెలు కడిగిన నీళ్ళు, పప్పు, బియ్యం కడుగు, అంతా అడుగున చేరిపోతుంది. పైన జిడ్డు పల్చగానే ఉన్నా అడుగున మడ్డి నిండిపోయి ఉంటుంది. కాబట్టి పైన చూసి బాగానే ఉంది అనుకోకండి, ఇంజినీరు గారు చెప్పినట్టు కర్ర దించాల్సిందే. రుబ్బిన పిండి గిన్నెని మొదట కొంచెం నీళ్ళతో కలియదిప్పి ఆ నీళ్ళు మరుసటి పిండిలో వాడుకోవడం మా అమ్మ చేసేది, ఇక్కడ కిచెన్‌లో కూడా అదే చేయిస్తున్నాను.

నవ్వొచ్చే విషయం ఏంటంటే ఇక్కడ వాడేసిన నూనె డ్రమ్ములకి తాళం వేయాలి, రాత్రిపూట దొంగలు వచ్చి పంపుతో లాగేసి అమ్ముకుంటారు. అంత గిరాకీ ఉంది బయోడీజిల్ వాళ్ళ దగ్గర.

షట్టర్ నంబర్ 3:

అందరికీ చాలా థ్యాంక్సండి. ఓనరు గారితో మాట్లాడాను, బాత్రూము లైను విడదీసే ఖర్చు ఆయనది, ట్రాప్ ఖర్చు మాది అని ఒప్పుకున్నారు. పక్క ఫాస్ట్‌ఫుడ్ అతను నూనె కలిపి ఇవ్వడానికి సరే అన్నాడు, స్వీట్ షాపు ఆయన మాత్రం చూద్దాం అన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే. రోజూ పైన తీసే జిడ్డు ఎక్కడ వేయాలి? చెత్త ఆటో అతను తడి తడిగా ఉంటే తీసుకోను అంటున్నాడు. ఇంకా ట్రాప్ మీద మూత ఎలా పెట్టాలి, సందులో పిల్లలు ఆడుతుంటారు.

బెజవాడ మెస్ అక్క:

ఆటో అబ్బాయి అన్నది న్యాయమే కదండీ, కారుతూ ఉంటే వాళ్ళ బట్టలన్నీ పాడవుతాయి. రంపపు పొట్టు గానీ ఊక గానీ ఒక బస్తా తెచ్చి పెట్టుకోండి, టింబర్ డిపోలో తక్కువకే ఇస్తారు. బక్కెట్టులో అడుగున పొట్టు, మీద జిడ్డు, మళ్ళీ పొట్టు వేసి కలిపితే పిడచలా అవుతుంది, కారదు. అప్పుడు గట్టి కవరులో కట్టి ఇవ్వండి, ఇందులో ఏముందో అతనికి చెప్పే ఇవ్వండి. కూరగాయల తొక్కల్లో మాత్రం కలపొద్దు, జిడ్డు ఎక్కువైతే ఎరువు గుంతలో గాలి ఆడక కుళ్ళు వాసన కొడుతుంది. రోజూ గీకి తుడిస్తే ఆ జిడ్డు కూడా ఒక చిన్న డబ్బాకి మించి రాదు, చూడండి.

పైపుల మేస్త్రి:

అక్క చెప్పినట్టు చెయ్. అడుగున మడ్డి మాత్రం కవర్లలో కట్టకు, అది ట్యాంకరు పనే. ట్యాంకరు అతను నాలాలో వదిలేసే రకం కాకుండా, ఎస్టీపీకి తీసుకెళ్ళేవాడా అని అడిగి మరీ పిలువు.

మూత ఒక్క పెద్ద బండ వేయించకు. దాన్ని లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి, అందుకే ఎవరూ లేపరు, లేపక నిండిపోతుంది. రెండు ముక్కలుగా, ఒక్కొక్కటి ఒకడు ఎత్తగలిగే బరువులో, పిడులున్న ఫైబరు మూతలు వేయించు, తాళం పెట్టుకునేవి దొరుకుతాయి. ఒక ముక్క ఇన్‌లెట్ మీద, ఇంకోటి సరిగ్గా అవుట్‌లెట్ టీ మీద రావాలి, టీ జామ్ అయితే పైనుంచి కర్ర దించి కదిలించడానికి. గ్యాసు పోవడానికి పక్కన రెండంగుళాల పైపు ఒకటి గోడ వెంట పైకి తీసుకెళ్ళి మేడ మీద వదిలెయ్, కాపురాల కిటికీల దగ్గర కాదు. మేస్త్రి వచ్చినరోజు ఫొటో తీసి ఇక్కడ పెట్టు, టీ పెట్టకముందే ప్లాస్టరింగ్ చేయనివ్వకు.